వాయిడ్ బటన్ వెనక

ఈరోజంతా ఒక్క బటన్ చుట్టూనే గడిచిపోయింది. రెస్టారెంట్ల కోసం మేం తయారుచేసే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ స్క్రీన్‌లో కుడివైపు కింద మూలన ఎర్రగా ఉంటుంది, వాయిడ్ అని. క్యాషియర్ అది నొక్కితే బిల్లులోంచి ఆ ఐటమ్ పోతుంది, మొత్తం తగ్గుతుంది, కథ కంచికి. ఇన్నాళ్లూ దాని జోలికి ఎవరూ పోలేదు, అవసరం రాలేదు కనక.

ఇప్పుడొచ్చింది. బిల్లులు కొట్టడానికే పరిమితమైన మా పీఓఎస్‌ని, అంటే కౌంటర్ దగ్గరి పాయింట్ ఆఫ్ సేల్ సాఫ్ట్‌వేర్‌ని, రెస్టారెంటు మొత్తాన్ని నడిపే సాఫ్ట్‌వేర్‌గా పెంచాలట. స్టాకు, కొనుగోళ్లు, సప్లయర్ల బాకీలు, స్టాఫ్ హాజరు, జీతాలు, అకౌంట్లు, బ్రాంచీల లెక్కలు అన్నీ ఒకేచోట. పొద్దున మీటింగులో వైట్‌బోర్డు మీద ఒక్కోదానికీ ఒక డబ్బా గీశారు, మధ్యలో పీఓఎస్, అక్కణ్నుంచి అన్నిటికీ బాణాలు. సేల్స్ వాళ్ల మొహాలు వెలిగిపోయాయి, అప్పుడే బ్రోషర్ అచ్చయి వచ్చేసినట్టు. ఒక బిల్లు పట్టుకుని ఆ బాణాల వెంట నడిచి చూద్దామన్నాను నేను. అదీ వాయిడ్ కొట్టిన బిల్లు.

అసలు క్యాషియర్ వాయిడ్ ఎందుకు కొడతాడు? ఒక ఐటమ్ బదులు ఇంకోటి నొక్కి ఉండొచ్చు. వండి టేబుల్ మీదకి తెచ్చాక కస్టమర్ నేనడిగింది ఇది కాదని ఉండొచ్చు. ఆలస్యమైందని అలిగి, వంట సగంలో ఉండగానే లేచి వెళ్లిపోయి ఉండొచ్చు. రుచి బాగాలేదని గొడవ చేస్తే దీనికి డబ్బు తీసుకోవద్దని మేనేజరే చెప్పి ఉండొచ్చు. లేదా క్యాష్ తీసుకుని జేబులో వేసుకుని ఐటమ్‌ని లేపేసి ఉండొచ్చు. గల్లా వైపు నుంచి చూస్తే అయిదూ ఒకటే, లెక్కలో వచ్చిన డబ్బు సున్నా. స్టోర్ రూమ్ వైపు నుంచి చూస్తే మొదటిదాంట్లో సరుకు కదలనే లేదు, మిగతా నాలుగింట్లో ఖర్చయిపోయింది. అకౌంట్స్ వాళ్లకి రెండోదీ మూడోదీ వేస్టేజ్, నాలుగోది కస్టమర్‌ని నిలుపుకోడానికి పెట్టిన ఖర్చు, అయిదోది దొంగతనం. ఇవన్నీ ఆ ఎర్ర బటన్ కింద ఒకే కుప్పగా పడి ఉన్నాయి.

ఆ మాటకొస్తే ఈ మెషిన్ పుట్టిందే ఆ అయిదో రకం కోసం. అమెరికాలోని డేటన్‌లో బార్ నడిపిన జేమ్స్ రిట్టీ, పనివాళ్లు గల్లాలో డబ్బు నొక్కేస్తున్నారని విసిగిపోయి 1879లో మొదటి క్యాష్ రిజిస్టర్ తయారు చేశాడు. ఓడలో ప్రయాణిస్తూ, ప్రొపెల్లర్ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టే యంత్రాన్ని చూస్తే ఆ ఆలోచన తట్టిందని చెబుతారు. దానికి పేటెంట్ కూడా వచ్చింది. తాత గల్లాకి కాపలా కాశాడు, మనవణ్ని మేమిప్పుడు స్టోర్ రూమ్‌కి కూడా కాపలా పెడుతున్నాం.

టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి అడిగింది, "డేటాబేస్‌లో ఆ బిల్లు వరసలో స్టేటస్ మార్చేస్తే సరిపోదాండీ?" అని. బిల్లింగ్ వరకే అయితే సరిపోతుందమ్మా అన్నాను. కానీ సాయంత్రం 6 గంటలకి మేనేజర్ స్టాకు రిపోర్టు తీసి, అది చూసుకుని రేపటి సరుకు ఆర్డర్ చేశాడనుకుందాం. రాత్రి 10కి ఎవరో మధ్యాహ్నపు బిల్లు మార్చారు. ఇప్పుడు ఆ 6 గంటల రిపోర్టే మళ్లీ తీస్తే అంకె వేరేగా వస్తుంది. అక్కణ్నుంచి మేనేజర్ పుస్తకంలో రాసుకోవడం మొదలుపెడతాడు, మన సాఫ్ట్‌వేర్ అలంకారానికి మిగులుతుంది. ఈ చిక్కుని అకౌంటెంట్లు ఏనాడో తేల్చేశారు. వెనిస్ వర్తకులు అప్పటికే వాడుతున్న జంటపద్దు విధానాన్ని, అంటే ప్రతి లావాదేవీనీ రెండుచోట్ల రాసే పద్ధతిని, ఇటలీ గణితవేత్త లూకా పాచియోలీ 1494లో పుస్తకంగా అచ్చు వేయించాడు. పడిన పద్దుని చెరపకూడదు, తేడా వస్తే దానికి ఎదురు పద్దు రాయాలి. మేమూ అంతే చెయ్యబోతున్నాం. అమ్మకం ఒక ఎంట్రీ, వాయిడ్ ఇంకో ఎంట్రీ, ఎవరు కొట్టారు, ఎన్నింటికి, ఏ కౌంటర్ నుంచి అన్నీ దాంతోపాటే. డేటాబేస్ ఉబ్బిపోతుందని ఒకాయన నసిగాడు. ఉబ్బనీ, డిస్కులకేం కరువు లేదు.

ఇక వాయిడ్‌కి కారణం. ఏడెనిమిది కారణాల లిస్టుతో ఒక స్క్రీన్ డిజైన్ చేసుకొచ్చారు. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. కానీ కౌంటర్ ముందు జనం నిలబడి ఉన్నప్పుడు ఎవడూ లిస్టు చదవడు, పైన ఏది ఉంటే అది నొక్కి పడేస్తాడు. నెలాఖరుకి రిపోర్టు తీస్తే ఆ రెస్టారెంటులో జరిగిన పాపాలన్నీ 'కస్టమర్ మనసు మార్చుకున్నారు' కింద కనబడతాయి. అందుకే మనిషిని వీలైనంత తక్కువ అడగాలన్నాను. కేఓటీ, అంటే ఏం వండాలో వంటగదికి చెప్పే చీటీ, అక్కడికి వెళ్లకపోతే వంట జరగనట్టే, అడగక్కర్లేదు. వంటగదిలో డిస్‌ప్లే ఉండి అక్కడ 'రెడీ' అని నొక్కి ఉంటే సరుకు ఖర్చయినట్టే, అదీ అడగక్కర్లేదు. ఈ రెండిటి మధ్య ఉన్నప్పుడే ఒక ప్రశ్న. రెండు పెద్ద బటన్లు, 'వండలేదు', 'వండేశారు'. మిగతా వివరం మేనేజర్ తీరిగ్గా రాత్రి నింపుకోవచ్చు. బటన్లు ఎంత పెద్దవంటే తడి వేలితో నొక్కినా తప్పు పడకూడదు. 1986లో అటారీ ఎస్‌టీ అనే కంప్యూటర్ మీద రంగుల టచ్‌స్క్రీన్ పీఓఎస్ తయారుచేసిన జీన్ మోషర్ స్వయంగా రెస్టారెంటు నడిపిన మనిషి. కౌంటర్ వెనక నిలబడ్డవాళ్లకి ఇలాంటివి ఎవరూ చెప్పక్కర్లేదు. మాకు మాత్రం మీటింగు కావాలి.

భోజనాలయ్యాక రెసిపీల మీద కూర్చున్నాం. 'వండేశారు' అని తేలితే ఎంత సరుకు తగ్గించాలో చెప్పేది రెసిపీయే. ఉల్లిపాయ బస్తాల లెక్కన వస్తుంది, స్టోర్‌లో కిలోల్లో ఉంటుంది, రెసిపీలో గ్రాముల్లో ఉంటుంది, వంటమాస్టర్ చేతిలో గుప్పెళ్లలో ఉంటుంది. పైగా తొక్క తీసి కొసలు కోస్తే 10 కిలోలు 10 కిలోలుగా మిగలవు. ఆ తరుగు ముందే చెప్పకపోతే సిస్టమ్ రోజూ దొంగతనం జరిగిందని గోల పెడుతుంది. పొద్దున ఒకేసారి చేసిపెట్టుకున్న గ్రేవీ పది ఐటమ్‌లలో పడుతుంది, కాబట్టి రెసిపీలో ఇంకో రెసిపీ. వంటమాస్టర్ ఈరోజు కొలత మారిస్తే నిన్నటి బిల్లులు నిన్నటి కొలతతోనే ఉండాలి, కాబట్టి ప్రతి రెసిపీకీ తేదీ.

మైనస్ స్టాకు దగ్గర పెద్ద వాదన. సరుకు పొద్దున్నే దిగుతుంది, ఇన్వాయిస్ సాయంత్రం ఎక్కిస్తారు, ఈలోగా ఆ సరుకుతో వండినవి అమ్ముడైపోతాయి. లెక్క మైనస్‌లోకి పోతుంది. ప్రోగ్రామర్‌కి మైనస్ చూస్తే చెయ్యి ఊరుకోదు, ఎర్రర్ పెట్టి ఆపేయాలనిపిస్తుంది. తిని లేచి కౌంటర్ దగ్గర నిలబడ్డ మనిషితో 'మీరు తిన్నది మా స్టాకులో లేదండీ, బిల్లు రాదు' అని చెప్పేదెవరు? స్టాకు కోసం బిల్లింగ్ ఆగకూడదు, అంతే. మైనస్ పోనివ్వాలి, ఇన్వాయిస్ ఎక్కాక సర్దాలి. నెట్ పోయినప్పుడూ అదే సూత్రం. బిల్లుకి గుర్తింపు నంబర్ కౌంటర్ దగ్గరే పుట్టాలి, అప్పుడు నెట్ వచ్చాక ఒకే బిల్లు రెండుసార్లు సర్వర్‌కి చేరినా సరుకు ఒక్కసారే తగ్గుతుంది.

ఓనర్ డబ్బు కట్టేది చివరికి ఒక్క రిపోర్టు కోసం అని నా అభిప్రాయం. దాన్ని బోర్డు మీద ఇలా రాశాను. వారం మొదట్లో చికెన్ 12 కిలోలు, కొన్నది 30, వారం చివర తూస్తే 9. అంటే 33 కిలోలు వాడారు. అమ్మకాలని రెసిపీలతో గుణిస్తే 28 చాలు. తేడా 5 కిలోలు. 'వండేశారు' వాయిడ్‌లు ఒకటిన్నర కిలో, పాడైందని పారేసింది ఒక కిలో. మిగిలిన రెండున్నర కిలోల సంగతి ఓనర్ వెళ్లి అడగాలి. వాయిడ్‌ని పాత పద్ధతిలోనే వదిలేస్తే ఆయన 4 కిలోల గురించి నిలదీస్తాడు, ఏమీ ఎరగని వంటవాడు మాటపడతాడు. సరుకులన్నీ ఇలా తూయాలంటే మాత్రం వారం తిరక్కుండానే మానేస్తారు. ఖరీదైనవి ఓ పది తరచూ తూస్తే చాలు, మిగతావి నెలకోసారి.

హాజరు మాడ్యూల్ గురించి ఒక్కటే చెప్పాను. రాత్రి ఒంటిగంటకి కొట్టిన బిల్లు నిన్నటి వ్యాపారం కిందికే వస్తుంది, ఆ టైమ్‌కి డ్యూటీలో ఉన్నవాళ్ల గంటలు కూడా నిన్నటికే పడాలి. లేకపోతే అమ్మకం ఒక రోజు, జీతం ఇంకో రోజు. అకౌంట్లు, జీతాలు సొంతంగా రాయొద్దని నా మాట. రోజు మొత్తం లెక్క ఒక జర్నల్ ఎంట్రీగా, అంటే ఒకే పద్దుగా, వాళ్లు ఇప్పటికే వాడుతున్న అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌కి పంపితే చాలు. సేల్స్ వాళ్లకి నచ్చలేదు, బోర్డు మీద రెండు డబ్బాలు తగ్గుతాయి మరి.

సాయంత్రం ఆ రెండు బటన్ల స్క్రీన్‌ని మా కస్టమర్ ఒకాయనకి పంపాను. చిన్న రెస్టారెంటు, మనిషి నిక్కచ్చి. పది నిమిషాల్లో ఫోన్.

"బాగుందండీ. కానీ వండేశారు అని నొక్కిన ప్లేటు మా కుర్రాళ్లు తినేస్తారు కదా, అది వేస్టేజ్ ఎలా అవుతుంది? వాళ్ల భోజనం ఖర్చు నేను విడిగా రాసుకుంటూనే ఉన్నాను."

అంటే ఒకే ప్లేటు రెండుచోట్ల ఖర్చు పడుతుంది. మూడో బటన్ పెట్టమంటారా అని అడిగాను.

"వద్దండీ బాబూ, రష్‌లో వాడికి రెండే ఎక్కువ. రాత్రి ఆ రోజు లెక్క ముగించే డే క్లోజింగ్‌లో మేనేజర్‌ని అడగండి."

రేపు ఆ ప్రశ్నకి డే క్లోజింగ్ స్క్రీన్‌లో చోటు చూడాలి.