పదకొండేళ్ళ డెస్క్‌టాప్, తొమ్మిది వేల లోపు ఖర్చు

మా ఇంట్లోని డెస్క్‌టాప్‌ను 2014లో సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్లో, అంటే అందరూ సీటీసీ అని పిలిచే చోట, విడిభాగాలుగా కొని అక్కడే బిగింపించుకున్నాను. కోర్ ఐ3-4130 ప్రాసెసరు, హెచ్81 చిప్‌సెట్ ఉన్న మదర్‌బోర్డు, 4 జీబీ డీడీఆర్3 ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్కు దాని సరంజామా. నిరుడు వేసవిలో అది ఉదయం ఆన్ చేసినప్పుడల్లా తేదీని 2013 జనవరి 1గా చూపించసాగింది. తేదీ తప్పితే బ్రౌజరు ఏ సైటు ధ్రువపత్రాన్నీ నమ్మదు కనుక, బ్యాంకు పేజీ తెరవబోయినా, కరెంటు బిల్లు కట్టబోయినా కనెక్షన్ సురక్షితం కాదన్న హెచ్చరిక ఎదురయ్యేది. వైరస్ చేరిందేమోనని రెండు రోజులు బెంగపడ్డాక తెలిసింది, కారణం మదర్‌బోర్డు మీద గడియారాన్ని నడిపే, రూపాయి బిళ్ళంత ఉండే సీఆర్2032 బ్యాటరీ అయిపోవడమేనని. నలభై రూపాయలతో ఆ రోగం కుదిరింది.

అయితే బ్యాటరీ కోసం డబ్బా విప్పినప్పుడు లోపలి దుమ్మునూ, వైర్ల చిక్కునూ చూశాక, ఈ యంత్రం సంగతి ఏదో ఒకటి తేల్చాలనిపించింది. ఆన్ చేసి కాఫీ కలుపుకుని వచ్చినా ఇంకా గుండ్రంగా చుక్కలు తిరుగుతూ ఉండే స్థితికి అది చేరి చాలా కాలమైంది. మా మేనకోడలు “ఇంకా ఎన్నాళ్ళు లాగుతావు మామయ్యా, కొత్తది కొనెయ్” అంది. దుకాణంలో అడిగితే మానిటరు కాకుండానే ఇరవై ఎనిమిది వేలకు అంచనా కాగితం రాసిచ్చారు. కొత్తదాని ధరలో మూడో వంతు దాటకుండా పాతది బాగుపడితే ఉంచుకోవాలని, దాటితే వదిలేయాలని ఒక గీత గీసుకున్నాను. ఆ గీత లేకపోయి ఉంటే నేను ఎక్కడా ఆగేవాణ్ణి కానేమో, ఎందుకంటే ఈ వ్యవహారంలో ప్రతి వస్తువూ ‘ఇంకో వెయ్యి పెడితే’ అనే ఊరింపుతోనే వస్తుంది.

డబ్బు ఖర్చు పెట్టే ముందు నేను చేసిన పని, నాలుగు రోజులపాటు ఏ భాగం ఎంత పని చేస్తోందో చూపించే టాస్క్ మేనేజరును తెరిచి ఉంచి పని చేసుకోవడం. నా పని పెద్ద బరువైనదేమీ కాదు. తెలుగు పుస్తకాల ప్రూఫులు దిద్దుతాను, స్కాన్ చేసిన పాత పుస్తకాల పేజీలను టెసరాక్ట్ అనే సాఫ్ట్‌వేర్‌తో అక్షరాలుగా మారుస్తాను, ఆ పక్కనే బ్రౌజరులో పది పన్నెండు ట్యాబులు తెరిచి ఉంటాయి. ఆ నాలుగు రోజుల్లో కనిపించినది ఏమిటంటే, కంప్యూటరు మొరాయించిన ప్రతిసారీ ప్రాసెసరు ఇరవై ముప్ఫై శాతం దగ్గర తీరిగ్గానే ఉంది. డిస్కు మాత్రం నూరు శాతానికి అతుక్కుపోయి ఉంది. ర్యామ్ కూడా నిండిపోయి ఉండటంతో, చోటు చాలని సమాచారాన్ని విండోస్ అదే డిస్కు మీదికి దించుతూ, మళ్ళీ ఎక్కిస్తూ ఉంది. అంటే, ఒకే ఇరుకు సందులో బండ్లు అటూ ఇటూ కూడా నడుస్తున్నాయన్నమాట. ప్రాసెసరు నిజంగా చెమటోడ్చింది స్కాన్ పేజీలను అక్షరాలుగా మార్చేటప్పుడు ఒక్కటే.

హార్డ్ డిస్కు ఎందుకు అంత వెనకబడుతుందో ఒక్కసారి చెప్పుకోవాలి. పెద్ద ఫైలును వరుసగా చదివేటప్పుడు అది సెకనుకు నూరు మెగాబైట్ల పైనే ఇస్తుంది, అందులో లోటు లేదు. కానీ విండోస్ మొదలయ్యేటప్పుడు చదివేది ఒక పెద్ద ఫైలును కాదు, డిస్కు నలుమూలలా చెల్లాచెదురుగా ఉన్న వేల కొద్దీ చిన్న చిన్న తునకలను. ప్రతి తునకకూ సూది కదలాలి, పళ్ళెం తిరిగి ఆ చోటు సూది కిందికి రావాలి. నిమిషానికి 7,200 చుట్లు తిరిగే డిస్కు ఇలాంటి పనులను సెకనుకు సుమారు నూటికి మించి చేయలేదు. చిప్పుల్లోనే సమాచారం దాచుకునే, కదిలే భాగాలే లేని ఎస్‌ఎస్‌డీ అదే సెకనులో వేల సంఖ్యలో చేస్తుంది. ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో వేసే సెకనుకు 550 మెగాబైట్ల కన్నా, నాలాంటివాడికి పనికొచ్చేది ఈ తేడాయే.

అందువల్ల మొదటి కొనుగోలు 480 జీబీ ఎస్‌ఎస్‌డీ, 2,900 రూపాయలైంది. ఇప్పుడు ఎక్కువగా అమ్ముడుపోయే ఎన్‌వీఎంఈ రకం నా బోర్డుకు పనికిరాదు. దాన్ని గుచ్చే ఎం.2 సాకెట్టే లేదు, కార్డు ద్వారా తగిలించినా ఆ కాలపు బయాస్, అంటే ఆన్ చేయగానే బోర్డు మీద ముందుగా నడిచే ప్రోగ్రాము, దాని నుంచి విండోస్‌ను మొదలుపెట్టదు. కనుక హార్డ్ డిస్కు లాగే కేబులుతో తగిలించే రెండున్నర అంగుళాల సాటా రకమే తీసుకున్నాను. హెచ్81 చిప్‌సెట్ ఇచ్చే నాలుగు సాటా పోర్టుల్లో రెండే 6 గిగాబిట్‌వి, మిగతా రెండూ 3 గిగాబిట్‌వి అన్న సంగతి బోర్డుతో వచ్చిన చిన్న పుస్తకం తిరగేస్తే తెలిసింది. ఎస్‌ఎస్‌డీని వేగమైన పోర్టుకు తగిలించి, పాత డిస్కును నెమ్మది పోర్టుకు మార్చాను. దానికి అదే ఎక్కువ.

విండోస్‌ను కొత్తగా ఎక్కించకుండా సీ డ్రైవును ఉన్నది ఉన్నట్టుగా ఎస్‌ఎస్‌డీ మీదికి క్లోన్ చేశాను. కొత్తగా ఎక్కించడమే శుభ్రమైన పద్ధతి అని ఒప్పుకుంటాను, కానీ నాకు ఒక చిక్కు ఉంది. పదిహేనేళ్ళుగా పోగైన నా ఫైళ్ళలో చాలావాటిని అప్పట్లో అందరూ చేసినట్టే పుస్తకాల పేజీలు కూర్చే పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో కూర్చాము. అవి యూనికోడ్ కావు. ఆ ఫాంట్లు లేని యంత్రంలో తెరిస్తే తెలుగు వాక్యం స్థానంలో ఇంగ్లీషు అక్షరాలూ, గుర్తులూ కలగలిసిన గందరగోళం కనిపిస్తుంది. ఆ పాత సాఫ్ట్‌వేర్ల డిస్కులు ఇల్లు మారినప్పుడు ఎక్కడ పోయాయో తెలియదు కనుక, ఉన్న అమరికను కదపడానికి ధైర్యం చాలలేదు. క్లోన్ చేసే ముందు ముఖ్యమైనవన్నీ బయటి డ్రైవులోకి నకలు తీసుకోవడం మంచిదైంది. పాత డిస్కు మధ్యలో రెండుసార్లు చదవలేనని మొండికేసింది, డిస్కు లోపాలను సరిచేసే తనిఖీ రాత్రంతా నడిపాక గానీ దారికి రాలేదు.

క్లోన్ అయ్యాక మరో సంగతి బయటపడింది. బయాస్‌లో సాటా పద్ధతి ఇన్నేళ్ళూ పాతకాలపు ఐడీఈగా ఉంది. అప్పట్లో బిగించిన కుర్రవాడు ఎందుకలా పెట్టాడో తెలియదు. దాన్ని నేరుగా ఎస్‌ఎస్‌డీకి తగిన ఏహెచ్‌సీఐకి మారిస్తే విండోస్ నీలి తెర చూపించి ఆగిపోతుంది. ముందు విండోస్‌ను సేఫ్ మోడ్‌లో మొదలయ్యేలా అమర్చి, రీస్టార్ట్ అవుతున్నప్పుడు బయాస్‌లోకి వెళ్ళి పద్ధతి మార్చి, సేఫ్ మోడ్‌లో ఒకసారి మొదలుకానిస్తే అది కావలసిన డ్రైవరును తనే తెచ్చుకుంటుంది. ఆ తర్వాత మామూలుగా నడుస్తుంది. పది నిమిషాల పని. దీనికోసం విండోస్‌ను మళ్ళీ ఎక్కించాలని చెప్పేవాళ్ళు ఉంటారు, అక్కర్లేదు.

రెండో కొనుగోలు ర్యామ్. ఇందులో నేను మోసపోయాననలేను గానీ, తెలివితక్కువగా ప్రవర్తించాను. నా బోర్డుకు రెండే స్లాట్లు, ఒక్కొక్కదానిలో 8 జీబీకి మించి పట్టదు. ఆన్‌లైన్‌లో 8 జీబీ డీడీఆర్3 ముక్క ఒకటి బయటి ధరలో సగానికే కనిపిస్తే ముందూ వెనకా చూడకుండా తెప్పించాను. బిగించి ఆన్ చేస్తే తెర నల్లగా ఉండిపోయింది, ఫ్యాన్ తిరుగుతుంది తప్ప మరో చలనం లేదు. పెట్టె మీద చిన్న అక్షరాల్లో ‘ఏఎండీ బోర్డులకు మాత్రమే’ అని ఉంది. ఇలాంటి చౌక ముక్కల్లో వాడే మెమరీ చిప్పుల అమరికను ఏఎండీ ప్రాసెసర్లు గుర్తిస్తాయి, ఇంటెల్‌వి గుర్తించవు. అదృష్టవశాత్తూ వాపసు తీసుకున్నారు. ఆ తర్వాత సీటీసీకే వెళ్ళి, నా బోర్డు పేరు చెప్పి, వాడినదే అయినా పేరున్న కంపెనీ 8 జీబీ ముక్కను 1,100 రూపాయలకు తెచ్చుకున్నాను. పాత 4 జీబీని తీసేయకుండా రెండో స్లాటులో ఉంచడంతో మొత్తం 12 జీబీ అయింది. తెచ్చిన రాత్రి ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్‌ను తెల్లవార్లూ నడిపి, ఒక్క తప్పూ రాలేదని చూశాకే విలువైన ఫైళ్ళను తెరిచాను.

ఈ రెండింటితోనే నా ఇబ్బందిలో ముప్పాతిక భాగం తీరింది. నాలుగు నిమిషాల దాకా పట్టే ఆరంభం అర నిమిషంలోకి వచ్చింది. ఇక్కడితో ఆపేయవచ్చు కూడా. కానీ పైకి కనిపించని ఒక భాగం గురించి నాకు భయం ఉండేది, అది ఎస్‌ఎంపిఎస్, అంటే గోడ కరెంటును లోపలి భాగాలకు తగినట్టుగా మార్చి అందించే డబ్బా.

బిగించిన రోజున క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చిన ఎస్‌ఎంపిఎస్ మీద 450 వాట్లు అని పెద్దగా రాసి ఉంది. దాని పక్కనున్న పట్టికను పదకొండేళ్ళ తర్వాత మొదటిసారి చదివాను. ప్రాసెసరుకు ప్రధానంగా కరెంటు అందించేది 12 వోల్టుల తీగ. దాని మీద చూపించినది 14 ఆంపియర్లు. గుణిస్తే 168 వాట్లు. మిగతా వాట్లన్నీ ఈ కాలపు కంప్యూటరు అంతగా వాడని 3.3, 5 వోల్టుల తీగల లెక్క కలిపి చూపించినవి. మా వీధిలో వేసవిలో కరెంటు హెచ్చుతగ్గులు మామూలే. ఇలాంటి డబ్బా ఒకనాడు కాలిపోతే తనొక్కటే పోదు, మదర్‌బోర్డునూ డిస్కునూ వెంటబెట్టుకు పోగలదు. కరెంటును తక్కువగా వృథా చేస్తుందని చెప్పే 80 ప్లస్ గుర్తు ఉన్న 450 వాట్ల ఎస్‌ఎంపిఎస్‌కు 2,400 రూపాయలు పెట్టాను. అది వచ్చినందువల్ల కంప్యూటరు వేగం రవ్వంతైనా పెరగలేదు, ఇంట్లో ఎవరూ మెచ్చుకోలేదు. అయినా ఈ మొత్తం ఖర్చులో నాకు ఏ సందేహమూ లేనిది ఇదే.

దుమ్ము దులపడం గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. పెయింటు బ్రష్షూ, ఓపికా ఉంటే చాలు. ఫ్యాన్ మీద గాలి కొట్టేటప్పుడు రెక్కను వేలితో పట్టుకోవాలి. ప్రాసెసరు వేడిని పైకి లాగే థర్మల్ పేస్టు ఎండి సున్నపు పొక్కులా రాలింది.

ఆ పేస్టు తుడిచేశాక ప్రాసెసరును ఎలాగూ బయటికి తీశాను కనుక, దాని మార్పు ఆలోచన వచ్చింది. ఐ3-4130కి కోర్లు రెండే. అదే సాకెట్టులో కూర్చునే ఐ5-4570కి నాలుగు. ఐ7-4770 ఇంకా మేలైనదే గానీ, వాడినదానికి కూడా దాదాపు రెట్టింపు అడిగారు. ఐ5-4590 లాంటివి 2014లో వచ్చిన తరవాతి విడతవి. వాటికి బయాస్ అప్‌డేట్ కావలసి రావచ్చు. ఒక దుకాణదారు “జియాన్ తీసుకోండి సార్, ఇదే ధరకు ఎనిమిది థ్రెడ్లు” అని సర్వర్ల కోసం చేసిన ఈ3-1231 వీ3 చూపించాడు. మంచి సరుకే, కానీ దానిలో తెరకు బొమ్మ పంపే గ్రాఫిక్స్ లేదు. అది కొంటే గ్రాఫిక్స్ కార్డు కూడా కొనాలి. ఐ5-4570ని 2,200 రూపాయలకు తీసుకున్నాను. ఈ ప్రాసెసర్లకు సూదులు ఉండవు, సూదులన్నీ బోర్డు మీది సాకెట్టులోనే ఉంటాయి, కాబట్టి వాడిన చిప్పు కొనడంలో ముప్పు తక్కువ, బిగించేటప్పుడు చెయ్యి వణికితే మాత్రం పోయేది సొంత బోర్డే. రెండు వందల పేజీల పుస్తకాన్ని అక్షరాలుగా మార్చడానికి యాభై నిమిషాలు పట్టేది ముప్ఫైకి తగ్గింది. ఆ పని చేయనివారికి ఈ మార్పు అనవసరం; ప్రూఫులు దిద్దేటప్పుడు నాకు పాతదానికీ దీనికీ తేడా తెలియలేదు.

గ్రాఫిక్స్ కార్డు కొనలేదు. యూట్యూబు ఇప్పుడు తరచుగా పంపే ఏవీ1 అనే కొత్త కుదింపు రూపంలోని వీడియోను విప్పే ఏర్పాటు ఈ తరం చిప్పుల్లో లేకపోవడంతో ఆ భారమంతా ప్రాసెసరు మీద పడుతుంది. పాత హెచ్.264 రూపంలోనే వీడియో పంపమని కోరే ఉచిత బ్రౌజరు ఎక్స్‌టెన్షన్ వేసుకుంటే ఆ బాధ తప్పింది.

ఇక మిగిలింది విండోస్ సంగతి. విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా కోరేది ఇంటెల్‌లో ఎనిమిదో తరాన్నీ, ఆ తర్వాతివాటినీ; నాది నాలుగో తరం. అడ్డదారిలో ఎక్కించే పద్ధతులు ఉన్నాయి గానీ, ఏ అప్‌డేట్‌తో ఆగుతుందో తెలియనిదాని మీద బ్యాంకు పనులు చేయడం నాకు ఇష్టం లేదు. ఎస్‌ఎస్‌డీలో ఖాళీగా ఉన్న చోట విండోస్‌కు బదులుగా వాడే ఉచిత వ్యవస్థ లినక్స్ మింట్ 22 ఎక్కించాను. దానికి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. ఇంటర్నెట్ పనులన్నీ దానిలోనే. తెలుగు టైపింగుకు ఐబస్ అనే ప్రోగ్రాములో ఇన్‌స్క్రిప్టూ, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే ఆర్‌టీఎస్ పద్ధతీ రెండూ దొరికాయి, రెండు రోజుల్లో చెయ్యి అలవాటుపడింది. విండోస్ 10ని నెట్‌వర్కుకు తగిలించకుండా పేజ్‌మేకర్ ఫైళ్ళ కోసం మాత్రమే ఉంచుకున్నాను, పాత ట్రంకుపెట్టెను అటక మీద ఉంచుకున్నట్టు.

కేబులూ, పేస్టూ, బ్యాటరీ కలిపి మొత్తం 8,920 రూపాయలైంది. ఇదంతా నిరుడు ఆగస్టులో ముగించాను. సంవత్సరం చివరికి వచ్చేసరికి ర్యామ్ ధరలు ఎలా ఎగబాకాయో చూశాక, ఆలస్యం చేయకపోవడం మంచిదైందనిపించింది. ఈ బోర్డు ఇంకో మూడేళ్ళు పని చేయవచ్చు, వచ్చే వారమే పోవచ్చు. పోయిన రోజున దీనికోసం మరో పాత హెచ్81 బోర్డు వెతకను. డీడీఆర్3 ర్యామూ, ఐ5 ప్రాసెసరూ దానితోనే వెళ్ళిపోతాయి, అంటే 3,300 రూపాయలు. ఎస్‌ఎస్‌డీనీ, ఎస్‌ఎంపిఎస్‌నీ విప్పి తరవాతి యంత్రానికి బిగించుకుంటాను.