కరెంటు పోయినా గ్యారేజ్ తలుపు తెరుచుకోవాలి: పవర్ స్టేషన్‌తో నా అనుభవం

నాన్న వీల్‌చెయిర్‌కి మారినప్పటి నుంచి మా ఇంట్లో రాకపోకలన్నీ గ్యారేజీ గుండానే. ముందు గుమ్మానికి మెట్లున్నాయి, గ్యారేజీ వైపు ర్యాంపు ఉంది. కరెంటు పోయి ఆ తలుపు తెరుచుకోకపోతే, అర్ధరాత్రి ఆస్పత్రికి వెళ్లాల్సి వస్తే ఎలా అన్నదే మా టెన్షన్. చేత్తో ఎత్తొచ్చు, నిజమే. కానీ ఆ సమయానికి ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంటే అది ఆమె వల్ల కాదు. అందుకే పోర్టబుల్ పవర్ స్టేషన్‌తో, అంటే ఇన్వర్టర్ లోపలే ఉన్న, మోసుకెళ్లగలిగే పెద్ద బ్యాటరీ పెట్టెతో, ఓపెనర్‌ని (తలుపును తెరిచి మూసే మోటారు యంత్రాన్ని) నడిపే ఏర్పాటు చేసుకున్నాం.

ముందే ఒక మాట చెప్పాలి. బ్యాటరీ బ్యాకప్ లోపలే ఉన్న ఓపెనర్లు ఇప్పుడు దొరుకుతున్నాయి. 2017లో కాలిఫోర్నియాలో కార్చిచ్చు చెలరేగినప్పుడు కరెంటు లేక కొందరు గ్యారేజ్ తలుపులు తెరవలేకపోయారు. ఆ తర్వాతే అక్కడ చట్టం తెచ్చి, 2019 జూలై 1 నుంచి ఇళ్లకు అమ్మే కొత్త ఓపెనర్లలో బ్యాటరీ బ్యాకప్ తప్పనిసరి చేశారు. మీరు ఎలాగూ ఓపెనర్ మార్చబోతుంటే అలాంటిది తీసుకోవడమే మేలు. మాది పాతదైనా బాగా పనిచేస్తోంది, దాన్ని తీసి పారేయాలనిపించలేదు.

మా ఓపెనర్ అర హార్స్‌పవర్‌ది. ఒక హార్స్‌పవర్ అంటే 746 వాట్లు కాబట్టి ఇది 373 వాట్లు అవుతుంది. కానీ అది మోటారు చేసే పని లెక్క. గోడలోంచి లాగేది అంతకన్నా ఎక్కువే ఉంటుంది. ప్లగ్‌కీ సాకెట్‌కీ మధ్య పెట్టి వాడకం కొలిచే ప్లగ్ మీటర్‌తో చూస్తే తలుపు పైకి లేస్తున్నంతసేపూ 500 వాట్లకు అటూ ఇటూగా చూపించింది.

క్యాంపింగ్‌కి వాడే 600 వాట్ల పవర్ స్టేషన్ ఒకటి స్నేహితురాలి దగ్గర ఉంటే, కొనేముందు దాంతో పరీక్షించి చూశాం. అంకెల ప్రకారం సరిపోవాలి. బటన్ నొక్కగానే మోటారు గుర్రుమంది, చైన్ ఒక్కసారి బిగుసుకుంది, తలుపు కింద జానెడు సందు కూడా రాకముందే పవర్ స్టేషన్ తెర మీద ఓవర్‌లోడ్ గుర్తు వెలిగి అంతా ఆగిపోయింది. "అదేంటమ్మా, కదిలినట్టే కదిలి ఆగిపోయింది?" అన్నారు నాన్న. ఆగి ఉన్న ఏసీ మోటారును కదిలించడానికి కావలసిన కరెంటు వేరు, కదిలాక నడిపించడానికి కావలసింది వేరు. ఆ మొదటి క్షణంలో అది మామూలుకన్నా రెండు మూడు రెట్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ లాగుతుంది. సెకనులోపే ముగిసిపోయే ఆ పోటును మామూలు ప్లగ్ మీటర్ పట్టుకోలేదు. అందుకే మీటర్‌లో కనిపించిన అంకెను నమ్ముకుని పవర్ స్టేషన్ ఎంచుకోకూడదు. డీసీ మోటారు ఉన్న కొత్త ఓపెనర్లు మెల్లగా కదలడం మొదలుపెడతాయి కాబట్టి వాటికి ఇంత పెద్దది అక్కర్లేకపోవచ్చు.

పెద్దది కొనడానికి ముందు తలుపునే ఓసారి చూపించుకున్నాం. నా ఉద్దేశంలో ఈ మొత్తం పనిలో అన్నిటికన్నా విలువైన సలహా అదే. తలుపు బరువును మోసేది ఓపెనర్ అనుకుంటాం. నిజానికి పైనున్న స్ప్రింగులే ఆ బరువంతా మోస్తాయి, ఓపెనర్ దాన్ని పైకీ కిందికీ నడిపిస్తుంది, అంతే. స్ప్రింగులు సడలితే ఆ తేడా అంతా మోటారు మీద పడుతుంది. పరీక్ష సులువు. తలుపు పూర్తిగా మూసి ఉన్నప్పుడు ఓపెనర్‌కి వేలాడే ఎర్ర తాడు లాగి, ఓపెనర్ నుంచి విడదీసి, చేత్తో నడుము ఎత్తు వరకు లేపాలి. అక్కడే నిలబడితే స్ప్రింగులు బాగున్నట్టు. మాది మెల్లగా కిందికి జారింది. మెకానిక్ వచ్చి సరిచేశాక మీటర్‌లో 500 కాస్తా 400 దగ్గరికి దిగింది. ఆ స్ప్రింగుల జోలికి మాత్రం ఎవరూ సొంతంగా వెళ్లొద్దు. వాటిలో బిగించి ఉన్న బలం ఒక్కసారి విడుదలైతే ఎముకలు విరుగుతాయి.

చివరికి 1000 వాట్లు నిలకడగా, 2000 వాట్ల వరకు సర్జ్ (మొదటి క్షణం పోటుకు కావలసిన అదనపు కరెంటు) ఇవ్వగల పవర్ స్టేషన్ తీసుకున్నాం. గోడ సాకెట్‌లో వచ్చేలాంటి నున్నటి అలల కరెంటు ఇచ్చే ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్ ఉన్నదే చూసుకున్నాం. కరెంటును మెట్లు మెట్లుగా ఇచ్చే మాడిఫైడ్ సైన్ వేవ్ మీద మోటారు రొద చేస్తుంది, వేడెక్కుతుంది, ఓపెనర్ లోపలి సర్క్యూట్ బోర్డుకూ మంచిది కాదు. వోల్టేజీ ఓపెనర్‌కి సరిపోయేదై ఉండాలని వేరే చెప్పక్కర్లేదు. ఈసారి బటన్ నొక్కగానే తలుపు ఎక్కడా తడబడకుండా పైదాకా వెళ్లింది. అమ్మ ముఖంలో ఆ నిశ్చింత చూశాక పడిన శ్రమంతా మర్చిపోయాను.

బ్యాటరీ ఎన్నిసార్లకు వస్తుందన్న లెక్క మాత్రం నేను అనుకున్నదానికి పూర్తిగా వేరుగా వచ్చింది. ఒక వాటు గంటసేపు వాడితే ఒక వాట్ అవర్. 400 వాట్లు 15 సెకన్ల పాటు అంటే రెండు వాట్ అవర్లు కూడా కాదు. బ్యాటరీ వెయ్యి వాట్ అవర్లది. ఇన్వర్టర్ దగ్గర పోయే నష్టం తీసేసినా తలుపును వందలసార్లు తెరవొచ్చు. ఓపెనర్‌కి ఉన్న బల్బులు మోటారు కన్నా ఎక్కువ తింటున్నాయని అప్పుడే తెలిసింది. 60 వాట్ల ఫిలమెంట్ బల్బులు రెండు, తలుపు తెరిచిన ప్రతిసారీ నాలుగున్నర నిమిషాలు వెలిగితే 9 వాట్ అవర్లు. వెంటనే ఎల్ఈడీలు పెట్టాం. కొన్ని ఎల్ఈడీ బల్బులు రిమోట్ సిగ్నల్‌కి అడ్డుపడతాయి కాబట్టి గ్యారేజ్ ఓపెనర్ల కోసమే చేసినవి చూసి కొనాలి.

అసలు ఖర్చు తలుపు కదలకుండా ఉన్నప్పుడే. రిమోట్ సిగ్నల్ కోసం ఓపెనర్ ఎప్పుడూ మేలుకునే ఉండాలి, దానికి మా ఇంట్లో 5 వాట్లు. పవర్ స్టేషన్‌లోని ఇన్వర్టర్ ఊరికే ఆన్‌లో ఉన్నందుకు మరో 12 వాట్ల దాకా. రెండూ కలిపి రోజుకు 400 వాట్ అవర్ల పైనే. ఒక్కసారి తలుపు ఎత్తకుండానే రెండు రోజుల్లో బ్యాటరీ ఖాళీ! దీన్ని తప్పించడానికే చాలా పవర్ స్టేషన్లలో ఎకో మోడ్ అని ఉంటుంది. లోడు మరీ తక్కువగా ఉంటే కొంతసేపటికి ఏసీ అవుట్‌లెట్‌ని అదే ఆపేస్తుంది. ఓపెనర్ తీసుకునే 5 వాట్లను అది లోడుగానే లెక్కపెట్టదు. అవుట్‌లెట్ ఆగిపోయాక రిమోట్ ఎంత నొక్కినా తలుపు కదలదు.

అందుకని ఎకో మోడ్ తీసేశాం, ఏసీ బటన్‌ని మాత్రం తలుపు తెరిచే సమయానికే నొక్కుతున్నాం. లోపల ఉన్నవాళ్లకు ఇది చిటికెలో పని. బయటి నుంచి వచ్చేవాళ్లు మాత్రం తాళంచెవితో ముందు గుమ్మం తెరుచుకుని లోపలికి రావాలి. కరెంటు పోయినప్పుడు ఇంటి నుంచి బయటపడటం ముఖ్యం, లోపలికి రావడం కాస్త ఆలస్యమైనా ఫర్వాలేదు అనుకున్నాం. గ్యారేజీ తప్ప లోపలికి వేరే దారి లేని ఇల్లయితే ఈ పద్ధతి చాలదు.

పవర్ స్టేషన్‌ని గోడ ప్లగ్‌కీ ఓపెనర్‌కీ మధ్య శాశ్వతంగా యూపీఎస్‌లా వదిలేయొచ్చు కదా అని మా తమ్ముడు అడిగాడు. చాలామంది అలా పెడతారు. గ్యారేజీలో ఎండాకాలం వేడి, చలికాలం చలి రెండూ ఎక్కువే. వేడిలో ఎప్పుడూ నిండు ఛార్జ్‌తో ఉంటే లిథియం బ్యాటరీ త్వరగా పాడవుతుంది. గడ్డకట్టే చలిలో, అంటే సున్నా డిగ్రీల కన్నా తక్కువలో, ఛార్జ్ చేయడం అసలే పనికిరాదు. అందుకే మాది ఇంట్లోనే, గ్యారేజీలోకి వెళ్లే తలుపు పక్కన ఉంటుంది. తుపాను సూచన వస్తే నిండా ఛార్జ్ చేస్తాం.

ఓపెనర్ ప్లగ్ సీలింగ్‌లో ఉంటుంది, అక్కడికి ప్రతిసారీ నిచ్చెన వేసుకుని ఎక్కడం అమ్మకు కుదరని పని. ఎర్త్ ఉన్న మందపాటి ఎక్స్‌టెన్షన్ వైరును గోడ పక్కగా, తలుపు నడిచే పట్టాలకు దూరంగా కిందికి దింపి కొక్కేనికి తగిలించాం. కరెంటు పోయినప్పుడు పైన ప్లగ్ మార్చాల్సిన పని లేకుండా, ఓపెనర్ ప్లగ్ ఎప్పుడూ ఆ వైరుకే ఉంటుంది. దాని రెండో కొస మామూలు రోజుల్లో గోడ సాకెట్లో, కరెంటు పోతే పవర్ స్టేషన్లో. పవర్ స్టేషన్ నుంచి గోడ సాకెట్‌లోకి ఎదురు కరెంటు పంపే ప్రయత్నం మాత్రం ఎవరూ చేయొద్దు. అది ఇంటి వైరింగ్‌లోకి, అక్కడి నుంచి లైన్ మీద పనిచేసేవాళ్ల మీదికి వెళ్లే ప్రమాదం ఉంది.

తలుపు అడుగున ఉండే సేఫ్టీ సెన్సార్లను కూడా పవర్ స్టేషన్ మీదే పరీక్షించాం. దిగుతున్న తలుపు కిరణానికి అడ్డంగా అట్టపెట్టె తోశాను, తలుపు ఆగి వెనక్కి వెళ్లింది. ఎర్ర తాడు లాగడం కూడా అందరం నేర్చుకున్నాం. స్ప్రింగులు సరిచేశాక ఆ తలుపును అమ్మ కూడా ఒక చేత్తో ఎత్తగలుగుతోంది. పవర్ స్టేషన్ మొరాయించిన రోజు వస్తే మాకు రెండో దారి అదే.