సగటు కుదిరింది, జల్లు కుదరలేదు

మూడు వారాలుగా రాత్రిళ్లు నాకు ఒకటే పని. కణాల శక్తిని కొలిచే పరికరం, క్యాలరీమీటర్‌లో ఎలక్ట్రాన్ పుట్టించే కణాల జల్లుని, అదే షవర్‌ని, న్యూరల్ నెట్‌వర్క్‌తో తయారుచేయించడం. మొదటి గ్రాఫులు చూడగానే పని అయిపోయిందనుకున్నాను. అవలేదు. ఎందుకో ఇక్కడ రాసిపెడుతున్నాను, ఇదే పనిలో ఉన్నవాళ్లకి ఒకటి రెండు రాత్రులైనా మిగులుతాయని.

టంగ్‌స్టన్ లాంటి బరువైన లోహంలోకి దూరిన ఎలక్ట్రాన్ ఫోటాన్‌ని వదులుతుంది, ఆ ఫోటాన్ ఎలక్ట్రాన్, పాజిట్రాన్ జంటగా మారుతుంది, ఆ జంట మళ్లీ ఫోటాన్లని వదులుతుంది, ఇలా ఒక్కో కణం వాటాకి కొద్ది మెగా ఎలక్ట్రాన్ వోల్టులు మిగిలేదాకా జల్లు పెరుగుతూనే ఉంటుంది. జెయాంట్4 అనే సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ ఈ కణాలన్నిటి వెంటా అడుగడుగునా నడుస్తుంది. దాన్ని నమ్మేదీ అందుకే, అది అంత నెమ్మదిగా నడిచేదీ అందుకే. కణాల్ని ఢీకొట్టించే ఎల్‌హెచ్‌సీ యంత్రం దగ్గరి ప్రయోగాల సిమ్యులేషన్‌లో చాలా సమయం క్యాలరీమీటర్ దగ్గరే ఖర్చవుతుంది.

దగ్గరి దారులు వెతకడం ఇవాళ మొదలైంది కాదు. లోతుకి వెళ్లేకొద్దీ షవర్ శక్తి ఎలా పడుతుందో సగటున గామా ఫంక్షన్‌తో రాయొచ్చని 1970ల్లోనే తెలుసు. ఆ శక్తి అన్నిటికంటే ఎక్కువగా పడే చోటు శిఖరం, దాని లోతు ఎలక్ట్రాన్ శక్తికి లాగరిథమ్‌గా మాత్రమే పెరుగుతుంది, అంటే 1 జీఈవీ (వంద కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు) ఎలక్ట్రాన్‌కి బదులు 1000 జీఈవీది పంపినా శిఖరం లోపలికి జరిగేది దాదాపు 7 రేడియేషన్ లెంగ్తులే (షవర్ లోతుని కొలిచే ప్రమాణం ఇది). నాకు ఈ లెక్క ఎన్నిసార్లు చూసినా ముచ్చటేస్తుంది. 2017లో క్యాలోగ్యాన్ అనే మోడల్‌తో న్యూరల్ నెట్‌వర్కులు రంగంలోకి దిగాయి, ఎల్‌హెచ్‌సీలోని అట్లాస్ ప్రయోగం వాళ్ల వేగవంతమైన సిమ్యులేషన్ అట్ల్‌ఫాస్ట్3లో కూడా గ్యాన్లున్నాయి (ఒకటి నకిలీ తయారుచేస్తే, ఇంకొకటి దాన్ని పట్టుకోవాలని చూసే నెట్‌వర్క్ జంటలు).

నేను తీసుకున్నది ఇలాంటి మోడళ్లని పోల్చడానికి పెట్టిన క్యాలోఛాలెంజ్ పోటీ రెండో డేటాసెట్. అందులో 45 పొరలు, పొరకి 144 సెల్స్ (శక్తిని విడివిడిగా లెక్కపెట్టే గదులు), మొత్తం 6,480. నా మోడల్ ఇచ్చిన షవర్లలో పొరవారీ సగటు శక్తి జెయాంట్4 గీత మీద అచ్చు గుద్దినట్టు పడింది. తర్వాత ఏది అసలో ఏది నాదో చెప్పమని ఒక చిన్న క్లాసిఫయర్‌కి నేర్పిస్తే, దాదాపు ఒక్కటీ తప్పకుండా చెప్పేసింది.

అప్పుడు గ్రాఫులు పక్కనపెట్టి, షవర్లని ఒక్కొక్కటిగా తెరిచి చూశాను. జెయాంట్4 షవర్లో నడుమ ఒక దట్టమైన ముద్ద, చుట్టూ అక్కడో చుక్క ఇక్కడో చుక్క, మిగతా సెల్స్‌లో నిఖార్సైన సున్నా. నాదాంట్లో అంచు సెల్స్ అన్నిటికీ పలచగా పొగమంచు పట్టినట్టుంది. ఇంకొకటి, అసలు షవర్లలో కొన్ని త్వరగా విచ్చుకుంటాయి, కొన్ని ఆలస్యంగా, పైపొరల్లో ఎక్కువ శక్తి పడితే అడుగు పొరల్లో ఆ మేరకు తగ్గుతుంది. నా షవర్లలో పై పొరకీ కింది పొరకీ సంబంధమే లేదు. సగటులో ఇవేవీ కనిపించవు.

ఇంత పట్టింపు దేనికంటే, న్యూట్రల్ పయాన్ అనే కణం రెండు ఫోటాన్లుగా విడిపోయి, ఆ రెండూ పక్కపక్కనే పడితే ఒకే ఫోటాన్‌లా కనిపిస్తాయి. హిగ్స్ కణం రెండు ఫోటాన్లుగా మారిన ఘటనలు వెతికేవాళ్లు నిజమైన ఫోటాన్‌ని పయాన్ నుంచి వేరుచేసేది షవర్ వెడల్పు చూసే. ఆ వెడల్పు తప్పితే, ఎన్ని పయాన్లు ఫోటాన్లుగా చెల్లిపోతున్నాయన్న అంచనా కూడా తప్పుతుంది. కాబట్టి నా మటుకు, వెయ్యి రెట్లు వేగంగా నడిచి వెడల్పు తప్పు చెప్పే మోడల్ కంటే, పది రెట్లే వేగమైనా సరిగ్గా చెప్పేదే కావాలి.

ఇప్పుడు పనిని రెండుగా విడగొట్టాను. ముందు ఒక నెట్‌వర్క్ 45 పొరల శక్తుల్ని కలిపి ఒకేసారి చెబుతుంది, తర్వాత రెండోది ఆ శక్తిని పొరలోని సెల్స్‌కి పంచుతుంది. క్యాలోఫ్లో అనే మోడల్‌ది కూడా ఇదే పద్ధతి. పొరల మధ్య సంబంధం నిన్న రాత్రికి కుదిరింది. అంచుల్లో పొగమంచు ఇంకా ఉంది, ఒక కనీస శక్తి పెట్టి దానికంటే తక్కువున్న సెల్స్‌ని సున్నా చేస్తే కొంత తగ్గింది, కానీ దాంతోపాటు నిజంగా ఉండాల్సిన చిన్న చుక్కలు కూడా కొన్ని పోయాయి. ఏ సెల్ వెలగాలో ముందు విడిగా నేర్పించి చూడాలి, ఈ రాత్రి ట్రైనింగ్ దానికే పెట్టాను.