పవర్‌షెల్‌తో సిస్టమ్ వివరాలు లాగేటప్పుడు

ఆఫీసులో అన్ని కంప్యూటర్ల సీరియల్ నంబర్లు, ర్యామ్, డిస్క్ ఖాళీ కావాలంటే సీటు సీటుకీ తిరగక్కర్లేదు. విండోస్‌లోనే ఉన్న డబ్ల్యూఎంఐని (సిస్టమ్ వివరాలు అందించే సర్వీసు) పవర్‌షెల్ (విండోస్‌లో కమాండ్లు, స్క్రిప్టులు నడిపే సాధనం) స్క్రిప్టుతో అడిగితే చెప్తుంది. నెట్‌లో దొరికే పాత స్క్రిప్టుల్లో గెట్-డబ్ల్యూఎంఐఆబ్జెక్ట్ అనే కమాండ్ కనిపిస్తుంది. పవర్‌షెల్ 7లో అది లేదు. 2012లో పవర్‌షెల్ 3తో వచ్చిన గెట్-సిమ్ఇన్‌స్టాన్స్ వాడండి.

డబ్ల్యూఎంఐలో వివరాలు క్లాసులుగా (ఒక్కో రకం సమాచారానికి ఒక్కో పేరు) ఉంటాయి. సీరియల్ నంబరు విన్32_బయోస్ క్లాసులో దొరుకుతుంది. అసెంబుల్డ్ పీసీ అయితే నంబరు బదులు ‘టు బి ఫిల్డ్ బై ఓఈఎం’ అని రావచ్చు, తప్పు స్క్రిప్టుది కాదు. ర్యామ్ దగ్గర జాగ్రత్త. విన్32_కంప్యూటర్‌సిస్టమ్ బైట్లలో ఇస్తుంది, విన్32_ఆపరేటింగ్‌సిస్టమ్ కిలోబైట్లలో ఇస్తుంది. రెంటినీ ఒకే లెక్కతో భాగిస్తే 16 జీబీ మెషీన్ కూడా సున్నా జీబీ చూపిస్తుంది.

డిస్కులకు విన్32_లాజికల్‌డిస్క్, ఫిల్టర్‌లో ‘డ్రైవ్‌టైప్=3’ (అంటే మెషీన్‌లోని డిస్కులు మాత్రమే). లేకపోతే పెన్‌డ్రైవులు, నెట్‌వర్క్ డ్రైవులు కూడా వచ్చి పడతాయి. ఇక్కడ ‘=’ బదులు పవర్‌షెల్‌లో సమానానికి రాసే ‘-ఈక్యూ’ రాస్తే ఎర్రరే. ఫిల్టర్ లోపలి భాష పవర్‌షెల్ కాదు, డబ్ల్యూక్యూఎల్ (డబ్ల్యూఎంఐని ప్రశ్నించే భాష).

లాస్ట్‌బూట్‌అప్‌టైమ్ (సిస్టమ్ చివరిసారి బూట్ అయిన సమయం) చూసి ‘ఈయన నెలరోజులుగా సిస్టమ్ ఆపలేదు’ అని ఎవరి మీదా విరుచుకుపడకండి. ఫాస్ట్ స్టార్టప్ (విండోస్ త్వరగా మొదలయ్యే సెట్టింగ్) ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా ఆ తేదీ మారదు, రీస్టార్ట్ చేస్తేనే మారుతుంది.

ఇన్‌స్టాల్ అయిన సాఫ్ట్‌వేర్ కోసం విన్32_ప్రోడక్ట్‌ను మాత్రం ముట్టుకోవద్దు. అది జాబితా ఇచ్చి ఊరుకోదు, ప్రతి ఎంఎస్ఐ (విండోస్ ఇన్‌స్టాలర్) ప్యాకేజీనీ సరిచూసి, తేడా ఉంటే రిపేర్ కూడా మొదలెడుతుంది. అప్లికేషన్ లాగ్‌లో 1035 ఈవెంట్లు వరసకట్టి కనిపిస్తాయి. బదులుగా రిజిస్ట్రీలోని (విండోస్ సెట్టింగులు దాచే చోటు) అన్‌ఇన్‌స్టాల్ కీలు చదవండి. 64 బిట్ విండోస్‌లో 32 బిట్ ప్రోగ్రాములవి వావ్6432నోడ్ కింద ఉంటాయి, అవీ కలపండి.

దూరంగా ఉన్న మెషీన్లకు గెట్-సిమ్ఇన్‌స్టాన్స్‌కి -కంప్యూటర్‌నేమ్ ఇస్తే విన్‌ఆర్ఎం (దూరపు మెషీన్లను నడిపే విండోస్ సర్వీసు) ద్వారా, 5985 పోర్టులో వెళ్తుంది. విండోస్ 10, 11ల్లో అది మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. అడ్మిన్‌గా ఎనేబుల్-పీఎస్‌రిమోటింగ్ నడపాలి. నెట్‌వర్క్ ‘పబ్లిక్’ అని ఉంటే అదీ మొరాయిస్తుంది, ముందు ‘ప్రైవేట్’కి మార్చండి. విన్‌ఆర్ఎం వద్దనుకుంటే న్యూ-సిమ్‌సెషన్‌లో డీకామ్ (దూరపు మెషీన్‌తో మాట్లాడే పాత పద్ధతి) ఎంచుకోవచ్చు. అందులో 0x800706BA ఎర్రర్ వస్తే మెషీన్ ఆఫ్‌లోనైనా ఉండాలి, ఫైర్‌వాల్ అయినా అడ్డుపడాలి. 0x80070005 అంటే పర్మిషన్ లేదని. ఎలా వెళ్లినా -ఆపరేషన్‌టైమౌట్‌సెక్ 10 (పది సెకన్ల గడువు) పెట్టండి.

వచ్చిన వివరాలను సీఎస్‌వీ ఫైల్లో (కామాలతో విడదీసిన పట్టిక) దాచుకుంటే, దాన్ని ఎక్సెల్‌లో డబుల్ క్లిక్‌తో తెరవొద్దు. 1234E56 లాంటి సీరియల్ నంబరును ఎక్సెల్ 1.234E+59గా మార్చేస్తుంది. డేటా ట్యాబ్ నుంచి ఇంపోర్ట్ చేసి, ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా పెట్టండి.