డి0000 దగ్గర ఇద్దరు

పోయిన ఆదివారం విశాఖ మద్దిలపాలెంలో అక్క వాళ్ల అటక దులుపుతుంటే పాత ఐఎస్‌ఏ నెట్‌వర్క్ కార్డు ఒకటి దొరికింది, ఐఎస్‌ఏ అంటే అప్పటి పీసీల్లో కార్డులు గుచ్చే స్లాటు రకం. అంచున బంగారు పూత కాళ్లన్నీ నల్లబడ్డాయి. మన ఊరి ఉప్పుగాలికి ఏదీ ఆగదు, అప్పట్లో పెన్సిల్ రబ్బరుతో రుద్ది మళ్లీ స్లాట్‌లో గుచ్చేవాళ్లం. జంపర్, అంటే రెండు పిన్నుల్ని కలిపే చిన్న బిళ్ల, మాత్రం నేను పెట్టిన చోటే ఉంది, పక్కన చిన్న అక్షరాల్లో డి0000 అని కార్డు పలకాల్సిన మెమరీ అడ్రసు.

ఈ జంపర్ ఏంటో ఇప్పటి పిల్లలకి చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. 1981 ఐబీఎమ్ పీసీలో 8088 ప్రాసెసర్‌కి 20 అడ్రస్ లైన్లు, అంటే ఒక మెగాబైట్ వరకే దాని చూపు. కింది 640 కేబీ ప్రోగ్రాములకి, పైన మిగిలిన 384 కేబీ కార్డులకీ, మెషీన్‌ని మొదట లేపే బయాస్‌కీ. కార్డు మీద దాని సొంత మెమరీ చిప్పు ఉంటుంది, ప్రాసెసర్ ఫలానా అడ్రసు అనగానే కార్డు "అది నాదే" అని పలుకుతుంది, అంతే. అటువైపు ఉన్నది ర్యామా, కార్డా అన్నది ప్రాసెసర్‌కి తెలియదు, అక్కర్లేదు కూడా.

నాకు ఇది ఎక్కిన రోజు ఇంకా గుర్తుంది. కలర్ తెర టెక్స్ట్ మెమరీ బీ8000 దగ్గర మొదలవుతుంది (ఈ అడ్రసులు హెక్సాడెసిమల్, అంటే 0-9 తర్వాత ఏ-ఎఫ్ కూడా అంకెలే), ఒక్కో అక్షరానికి రెండు బైట్లు, ఒకటి అక్షరం, ఇంకోటి రంగు. 80 గడులు, 25 వరసలు, మొత్తం 4000 బైట్లు. డాస్‌లో మెమరీలో నేరుగా రాయనిచ్చే డీబగ్ ప్రోగ్రాము తెరిచి "ఈ బీ800:0 41 1ఎఫ్" అని కొట్టా; ముందున్న 'ఈ' రాయమనే ఆదేశం, బీ800:0 అంటే ఆ బీ8000యే, 41 అక్షరం, 1ఎఫ్ రంగు. తెర ఎడమ పైమూలలో నీలం మీద తెల్లటి 'ఏ' వచ్చి కూర్చుంది! ప్రింట్ చెయ్యమని ఎవరినీ అడగలేదు, మెమరీలో రెండు బైట్లు రాశానంతే.

ఎన్‌ఈ2000 లాంటి కార్డులు ఈ మెమరీ గొడవ లేకుండా పోర్టుల (మెమరీతో సంబంధం లేని వేరే నంబర్ల) ద్వారానే డేటా పంపేవి. మాది అలాంటిది కాదు, డి0000 నుంచి 16 కేబీ తనదనేది.

1996లో డాబాగార్డెన్స్‌లో మేడ మీద ఒక లెక్కల ఆఫీసులో పని నాకు. అకౌంటింగ్ ప్రోగ్రాముకి మెమరీ చాలట్లేదని, మౌస్ డ్రైవర్‌ని 640 కేబీ పైకి ఎక్కిద్దామని కాన్ఫిగ్ ఫైల్లో ఈఎమ్‌ఎమ్386 లైను చేర్చా. అది పై 384 కేబీలో ఖాళీ చోట్లు వెతికి అక్కడ ర్యామ్ అతికిస్తుంది. మా కార్డేమో తన నెట్‌వర్క్ డ్రైవర్ లేపేదాకా తన మెమరీని తెరవదు. దాంతో డి0000 ఖాళీ స్థలం అనుకుని ఈఎమ్‌ఎమ్ అక్కడే పాక వేసేసింది. డ్రైవర్ కార్డుకి రాస్తున్నాననుకుని ఆ ర్యామ్‌లో రాస్తుంది, కార్డుకి ఏమీ అందదు. ఒకే డోర్ నంబరు రెండిళ్లకి ఉంటే పోస్ట్‌మ్యాన్ ఏం చేస్తాడు? ఎర్రర్ ఏమీ రాదు, మెషీన్ అలా బిగుసుకుపోతుంది.

రెండు రోజులు కేబుల్ తప్పనుకున్నా. కేబుల్ రెండు చివర్లా తగిలించే టెర్మినేటర్లు మార్చా, బీఎన్‌సీ కొసలన్నీ కత్తిరించి మళ్లీ క్రింప్ చేశా. కావలసినంత టెన్షన్. చివరికి ఆ ఈఎమ్‌ఎమ్ లైన్లోనే "ఎక్స్=డి000-డి3ఎఫ్‌ఎఫ్" అని తగిలిస్తే, అంటే ఆ జాగా జోలికి పోకు అని చెప్తే, మొదటి బూట్‌కే సర్వర్ కనిపించింది.

"ఏటయ్యా, రెండ్రోజులు ఆఫీసు ఆపి రాసింది ఇదేనా?" అన్నాడు ఓనరు. ఆయన తప్పేం లేదు.

తర్వాత పీసీఐ అనే కొత్త రకం స్లాట్లు అంతటా వచ్చి, అడ్రసులు బూట్ అయ్యేటప్పుడే పంచేయడంతో జంపర్లు పోయాయి. రాత్రి ఇంటికొచ్చి కుతూహలం కొద్దీ నా ల్యాప్‌టాప్‌లో, లినక్స్‌లో రూట్‌గా ఏ అడ్రసు ఎవరిదో చూపే ఐఓమెమ్ ఫైలు తెరిచా. గిగాబైట్ల అడ్రసుల పైన, మొదటి వరసల్లోనే, ఏ0000 నుంచి బీఎఫ్‌ఎఫ్‌ఎఫ్‌ఎఫ్ దాకా ఆ పాత వీడియో జాగా ఇంకా అలాగే ఉంది.