ఫోన్ చేతికి రాకముందు ఏం జరిగింది?

బెంగళూరు తూర్పు శివార్లలోని ఒక పాఠశాలలో నేను కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. మారతహళ్ళి, బెళ్ళందూరు, వైట్‌ఫీల్డ్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు ఎక్కువ కాబట్టి, నా గదిలోకి వచ్చే తల్లిదండ్రులలో చాలామంది రెండో మాటకే తెలుగులోకి దిగుతారు. పిల్లలను ఆన్‌లైన్‌లో ఎవరో వేధిస్తున్నారని వచ్చినవాళ్ళు దాదాపు అందరూ ఒకే ప్రశ్న అడుగుతారు: "ఫోన్ లాక్కుంటే సరిపోతుంది కదా మేడమ్?" లాక్కుంటే ఆ రాత్రికి కొత్త సందేశాలు రావు, అంతవరకు నిజమే. నేను మాత్రం తిరిగి మరో ప్రశ్న వేస్తాను. ఫోన్ చేతికి రాకముందు ఈ పిల్లను గానీ పిల్లవాణ్ణి గానీ ఎవరైనా ఏడిపించారా, కొట్టారా, పదిమందిలో నవ్వులపాలు చేశారా? ఎక్కడ, ఎంతకాలం? చాలామందికి ఇది సంబంధం లేని ప్రశ్నగా తోస్తుంది, కొందరికి కోపం కూడా వస్తుంది. అసలు సంబంధమంతా అక్కడే ఉందని నేను ఎందుకు అనుకుంటున్నానో ఇక్కడ రాస్తున్నాను.

ఇంగ్లండ్‌లో 15 ఏళ్ళ వయసున్న 1,20,115 మంది పిల్లల సమాధానాలను పరిశీలించి ఆండ్రూ ప్షిబిల్స్కీ, లూసీ బోస్ అనే ఇద్దరు పరిశోధకులు 2017లో ఒక వ్యాసం ప్రచురించారు. తరచుగా వేధింపులకు గురవుతున్నామని చెప్పినవాళ్ళు 30 శాతం. వాళ్ళలో కేవలం ఆన్‌లైన్‌లో మాత్రమే వేధింపు ఎదుర్కొన్నవాళ్ళు 406 మంది, అంటే మొత్తం పిల్లలలో ఒక శాతం కూడా లేరు. ఆన్‌లైన్‌లో బాధపడినవాళ్ళలో అత్యధికులు బడి ఆవరణలోనూ అదే అనుభవిస్తున్నారు. కొత్త సాంకేతికత కొత్త బాధితులను పెద్దగా తయారుచేయలేదని, ఇదివరకే బాధలో ఉన్నవాళ్ళనే ఇంటిదాకా వెంబడించిందని నేను దీన్ని అర్థం చేసుకున్నాను. ముక్కూ ముఖం తెలియనివాళ్ళు ఆడపిల్లల ఫొటోలు మార్ఫింగ్ చేసి డబ్బు కోసం బెదిరించడం వేరే సంగతి, దాన్ని ఈ లెక్కలో కలపకూడదు.

గుర్తు తెలియకుండా వివరాలు మార్చి ఒక సంగతి చెబుతాను. తొమ్మిదో తరగతి కుర్రవాడు, అనంతపురం వైపు కుటుంబం. తండ్రి ఉద్యోగరీత్యా ఇక్కడికి రాకముందు వాడు కొంతకాలం ఒక రెసిడెన్షియల్ బడిలో ఉండి చదివాడు. ఇక్కడ తరగతి పిల్లల వాట్సాప్ గ్రూపులో వాడి ముఖంతో ఒక స్టిక్కర్ తయారుచేసి, వాడు ఇంగ్లీషు పలికే తీరును కింద అక్షరాలలో రాశారు. విచారిస్తే, "అందరి మీదా చేసుకుంటాం మేడమ్, జోక్ అది" అన్నారు. అది అబద్ధం కాదు. ఆ గ్రూపులో పదిమంది స్టిక్కర్లు ఉన్నాయి, మిగిలిన తొమ్మిదిమంది నవ్వి బదులుగా మరొకటి తయారుచేశారు. వీడు మాత్రం బడికి రావడం మానేశాడు. "ఇంత చిన్నదానికా?" అని వాళ్ళ అమ్మ నిజంగానే ఆశ్చర్యపోయింది.

అనేక వారాల తరువాత తెలిసిన సంగతి ఏమిటంటే, ఆ పాత హాస్టల్లో దీపాలు ఆర్పేశాక పెద్ద తరగతుల కుర్రవాళ్ళు వీణ్ణి మంచం పక్కన నిలబెట్టి మాట్లాడించేవారు, మాట్లాడిన ప్రతి వాక్యాన్నీ వెక్కిరిస్తూ తిరిగి అనేవారు. ధైర్యం చేసి వార్డెన్‌కు చెప్పుకున్నాడు. మర్నాడు ఉదయం ప్రార్థన సమయంలో వార్డెన్ ఆ ఫిర్యాదును అందరి ముందు చదివి, "ఎవరురా ఈయన్ని ఏడిపించేది?" అన్నాడట. ఆ రోజు నుంచి వాడు ఎవరికీ ఏమీ చెప్పుకోవడం మానేశాడు. బెంగళూరులో వచ్చిన స్టిక్కర్ కూడా మాటతీరు మీదే కావడంతో, అది పుండు మీద కారం అయింది. మిగతా తొమ్మిదిమందికి లేనిది వాడికి ఉన్నది ఆ పుండే.

ఒకసారి దెబ్బ తిన్నవాళ్ళకే మళ్ళీ మళ్ళీ దెబ్బ తగలడంలో విధి ఏమీ లేదు. అమెరికాలో డేవిడ్ ఫింకెల్హోర్ బృందం పిల్లలపై జరిగే హింసను విడివిడిగా కాక కలిపి లెక్కించినప్పుడు, ఇంట్లో దెబ్బలు, బడిలో వేధింపు, వీధిలో దాడి, లైంగిక వేధింపు వంటివి చాలాసార్లు ఒకే పిల్లల మీద పోగుపడతాయని తేలింది. అలా పోగుపడినవాళ్ళలోనే మానసిక క్షోభ అన్నిటికంటే ఎక్కువ. ఇది ఎలా జరుగుతుందో నా గదిలో కూర్చుంటే చాలావరకు కనిపిస్తుంది. దెబ్బలకు అలవాటుపడిన పిల్లలు ఎదుటివారి ముఖంలో, మాటలో ప్రమాదాన్ని త్వరగా పసిగడతారు. లేనిచోట కూడా దాన్ని చూస్తారు. "సరే" అని ముక్తసరిగా వచ్చిన జవాబును, రెండు నీలి గీతలు పడి కూడా బదులు రాని సందేశాన్ని వాళ్ళు తిరస్కారంగా చదువుకుంటారు. చదువుకుని, గట్టిగా అరుస్తారు లేదా గ్రూపులోంచి వెళ్ళిపోతారు. ఏడిపించేవాళ్ళకు కావలసింది సరిగ్గా అదే. పైగా వేధించేవాళ్ళు అండ ఉన్నవాళ్ళ జోలికి పోరు, వెనక ఎవరూ లేరని తెలిసినవాళ్ళనే ఎంచుకుంటారు. పాత వేధింపు ముందుగా తుడిచిపెట్టేది స్నేహితులనే కాబట్టి, అది కొత్త వేధింపుకు దారి చదును చేసిపెడుతుంది.

చిన్నప్పటి సంగతులు పెద్దయ్యాక ఎవరికి గుర్తుంటాయి అనేవాళ్ళకు నేను చెప్పే ఉదాహరణ బ్రిటన్‌ది. 1958లో ఒకే వారంలో పుట్టిన పిల్లలను అక్కడ జీవితమంతా అనుసరిస్తూ వచ్చారు. వాళ్ళలో 7,771 మంది విషయంలో 7, 11 ఏళ్ళ వయసుల్లో వేధింపు జరిగిందా అన్నది తల్లిదండ్రులు చెప్పారు. 2014లో వచ్చిన ఫలితం ప్రకారం, తరచుగా వేధింపుకు గురైనవాళ్ళకు నడివయసులో కూడా కుంగుబాటు, ఆందోళన, ఆత్మహత్య ఆలోచనల ప్రమాదం మిగిలినవాళ్ళకంటే ఎక్కువగా ఉంది. ఆ తరం పిల్లల చేతుల్లో ఫోన్లు లేవని వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక వేధించేవాళ్ళ సంగతి. దీని గురించి రాయడం నాకు కొంచెం కష్టం, ఎందుకంటే బాధితుల తల్లిదండ్రులకు ఇది వినబుద్ధి కాదు. 1970ల నుంచి ఈ విషయం మీద పనిచేసిన నార్వే మనస్తత్వవేత్త డాన్ ఓల్వేయస్ వేధింపును గుర్తించడానికి మూడు లక్షణాలు చెప్పారు: కావాలని హాని చేయడం, పదేపదే చేయడం, ఇద్దరి మధ్య బలంలో తేడా ఉండడం. ఫోన్ మార్చింది ఈ మూడోదాన్ని. తరగతిలో నోరు మెదపలేని పిల్లవాడు నకిలీ ఐడీ వెనక బలవంతుడవుతాడు. పేరు తెలియకపోవడం, ఎదుటివారి కళ్ళు కనిపించకపోవడం, జవాబు వెంటనే రాకపోవడం వల్ల మనుషుల అదుపు ఎలా సడలుతుందో మనస్తత్వవేత్త జాన్ సులర్ 2004లోనే వివరించారు. మా బడిలో ఒక అమ్మాయి మీద అసభ్యమైన పుకార్లు రాస్తూ వచ్చిన ఖాతా చివరికి ఒక నెమ్మదైన కుర్రవాడిదని తేలింది. వాణ్ణి అంతకుముందు ఏడాదంతా ఫుట్‌బాల్ జట్టులోని పిల్లలు ఏడిపించారు. ఆ జట్టు మీద తిరగబడే ధైర్యం లేక, తనకంటే బలహీనంగా కనిపించిన ఆ అమ్మాయి మీద పడ్డాడు. ఆమె వాడికి చేసిన అపకారం ఏదీ లేదు.

ఇలా బాధితులూ తామే, వేధించేవాళ్ళూ తామే అయిన పిల్లల పరిస్థితి అన్నిటికంటే దారుణం. అమెరికాలో ఉత్తర కరోలినా ప్రాంతంలోని 1,420 మందిని 9 నుంచి 16 ఏళ్ళ వరకు పరిశీలించి, పెద్దయ్యాక మళ్ళీ కలిసి విలియం కోప్‌లాండ్ బృందం 2013లో ప్రకటించిన ఫలితాలలో, కుంగుబాటు, తీవ్రభయ రుగ్మతల ప్రమాదం ఈ గుంపులోనే అత్యధికంగా కనిపించింది. కుటుంబ కష్టాలను, బాల్యంలోని ఇతర మానసిక సమస్యలను లెక్కలోంచి తీసేసిన తరువాత కూడా ఆ తేడా నిలిచింది.

అయితే ఈ వాదనను సాగదీసి ప్రతి వేధకుడి వెనకా ఒక గాయం ఉంటుందనడం నాకు ఒప్పుకోలు కాదు. దెబ్బ తిన్న పిల్లలలో ఎక్కువమంది ఎవరినీ కొట్టరు, వాళ్ళను రేపటి నేరస్థుల్లా చూడడం రెండో అన్యాయం. మరోవైపు ఏ గాయమూ లేని, తరగతిలో అందరికీ ఇష్టమైన, మార్కులు బాగా తెచ్చుకునే వేధకులూ ఉంటారు. వాళ్ళకు అది సరదా, హోదా. గాయం ఉండి వేధించేవాళ్ళకు మందలింపుతో పాటు వైద్యం కావాలి, సరదాకు వేధించేవాళ్ళకు మందలింపే కావాలి. బడులు సాధారణంగా దీన్ని తలకిందులుగా చేస్తాయి, మంచి మార్కుల పిల్లవాణ్ణి కౌన్సెలర్ దగ్గరికి పంపి, గాయపడ్డవాణ్ణి సస్పెండ్ చేస్తాయి.

పెద్దవాళ్ళ విషయంలోనూ నాకు ఇదే కనిపిస్తుంది. మన హీరోల అభిమానుల మధ్య ఆన్‌లైన్‌లో జరిగే తిట్ల యుద్ధాలను, యాసను, కులాన్ని, ఆడవాళ్ళ దుస్తులను పట్టుకుని చేసే ట్రోలింగ్‌ను చూసినప్పుడు, ఇంటర్మీడియట్ రెండేళ్ళూ ర్యాంకుల వారీగా సెక్షన్లు విడగొట్టి, తక్కువ మార్కులవాళ్ళను మైకులో పేరు పెట్టి పిలిచిన చోట్ల పెరిగిన తరం ఇదేనన్న ఆలోచన నన్ను వదలదు. నిరూపించగల మాట కాదు గానీ, అవమానించడమే క్రమశిక్షణ అని పదహారో ఏట నేర్చుకున్నవాళ్ళు ఇరవై ఆరో ఏట దాన్ని ఎక్కడో ఒకచోట వాడతారు.

ఇక ఏం చేయవచ్చు అన్నది. ఏదైనా బ్లాక్ చేసేముందు తేదీ, ఖాతా పేరు కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసుకోవాలి, తొందరలో అందరూ మరిచిపోయేది ఇదే. చట్టం మీద పెట్టుకునే ఆశకు ఒక హద్దు ఉంది. ఆన్‌లైన్‌లో అభ్యంతరకరమైన సందేశాలు పంపడాన్ని నేరంగా చూసిన ఐటీ చట్టంలోని 66ఎ సెక్షన్‌ను సుప్రీం కోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది, అది భావ ప్రకటనకు మేలు చేసిన తీర్పే. బెదిరింపు, ఆడవాళ్ళను వెంబడించడం, నగ్న చిత్రాలు, వ్యక్తిగత గోప్యత భంగం వంటివాటికి భారతీయ న్యాయ సంహితలోనూ ఐటీ చట్టంలోనూ సెక్షన్లు ఉన్నాయి, జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు. వెక్కిరింపు స్టిక్కర్ లాంటిది మాత్రం పోలీసు స్టేషన్ కంటే బడిలోనే తేలవలసిన విషయం. పిల్లలకు 1098, ఏ వయసువారికైనా మానసిక సహాయానికి 14416 ఉన్నాయి. రెండో నంబరు టెలీ మానస్‌ది, 2022 అక్టోబరులో మొదలైంది, దేశం మొత్తానికి దాని కేంద్రం ఇక్కడి మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్. తెలుగులోనే మాట్లాడవచ్చు. ఫోన్ వాడకమే అదుపు తప్పిన పిల్లలకు అదే నిమ్హాన్స్‌లో 2014 నుంచి ప్రత్యేక క్లినిక్ నడుస్తోంది.

అక్కడికి వెళ్ళినా, ఇంట్లో కూర్చోబెట్టుకున్నా, "నువ్వు ముందు ఏమన్నావ్?" అన్న ప్రశ్నతో మొదలుపెట్టవద్దని తల్లిదండ్రులను బతిమాలుతుంటాను. ఇదివరకు ఒక వార్డెన్‌కో మామయ్యకో చెప్పుకుని దెబ్బతిన్న పిల్లలకు అది పాత విచారణే మళ్ళీ మొదలైనట్లుంటుంది. "ఇలాంటిది ఇంతకుముందు కూడా జరిగిందా?" అని అడిగి, జవాబు రాకపోతే ఊరుకుని, మరో రోజు అడగాలి.

వేరే ఊరి నుంచి వచ్చే పిల్లల బదిలీ పత్రంలో కులం, పుట్టిన తేదీ, నడవడిక అన్నీ ఉంటాయి గానీ, పాత బడిలో వాడికి ఏం జరిగిందో ఉండదు. ఈ విద్యా సంవత్సరం నుంచి ఆరో తరగతి, ఆపై చేరికల దరఖాస్తుతో పాటు కౌన్సెలర్ మాత్రమే చదివే ఒక విడి కాగితం ఇవ్వడానికి మా యాజమాన్యం అంగీకరించింది, తప్పనిసరి చేయకూడదన్న షరతుతో. చాలామంది తల్లిదండ్రులు దాన్ని ఖాళీగా తిరిగిస్తున్నారు. నింపినవాళ్ళు రాస్తున్నది ఎక్కువగా హాస్టళ్ళ గురించే.