వేలి క్లిప్పులో 97 ఉంటే సరిపోదు

మా నాన్నకి మోటార్ న్యూరాన్ జబ్బని, అంటే కండరాల్ని ఆడించే నరాల కణాలు చచ్చిపోయే జబ్బని, తెలిసిన దగ్గర్నుంచీ ఇంటికొచ్చే చుట్టాలు ముందు చేసే పని ఒకటుంది. పల్స్ ఆక్సిమీటర్ తీసి ఆయన వేలికి పెడతారు. కోవిడ్ తర్వాత అది చాలా ఇళ్లలో ఉంటోంది కదా. ఆక్సిజన్ 97 అని కనబడగానే "ఊపిరికేం ఢోకా లేదు బాబాయ్" అని స్థిమితపడతారు. పైడితల్లమ్మ సిరిమాను జాతరకి వచ్చినవాళ్లూ అంతే. వాళ్ల ప్రేమను నేను కాదనను. కానీ ఈ జబ్బులో ఆ ఒక్క అంకెను నమ్ముకుని కూర్చుంటే చాలా ప్రమాదం. ఎవరింట్లోనైనా ఇలాంటి మనిషి ఉంటే చదువుతారని రాస్తున్నాను.

మాది నెల్లిమర్ల. నాన్న జూట్ మిల్లులో బేళ్ల లెక్క రాసే గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. దాంతో ఆయాసం అనగానే అందరికీ మిల్లు దుమ్మే గుర్తొచ్చింది. ఒక క్లినిక్‌లో ఎక్స్‌రే తీసి, ఊపిరితిత్తులు శుభ్రంగానే ఉన్నాయని చెప్పి, ఇన్‌హేలర్ రాసి పంపేశారు. శుభ్రంగా ఉన్నమాట నిజమే. ఈ జబ్బులో బలహీనపడేది వాటిని ఆడించే కండరాలు. కొలిమి తిత్తికి చిల్లేమీ లేదు, దాన్ని లాగే చేతికి సత్తువ తగ్గిపోతోంది, అంతే. ఛాతీకీ పొట్టకీ మధ్య అడ్డంగా ఉండే డయాఫ్రమ్ అనే కండరమే ఊపిరి పీల్చడంలో ముఖ్యం. మెడ దగ్గర వెన్నుపాములో దాన్ని ఆడించే నరాల కణాలుంటాయి. అవి ఒక్కొక్కటీ చచ్చిపోతుంటే డయాఫ్రమ్ నీరసించిపోతుంది.

అలా నీరసించినా ఆక్సిజన్ చాలాకాలం బాగానే కనిపించవచ్చు. బయటికి పోవాల్సిన కార్బన్ డయాక్సైడ్ మాత్రం లోపల పేరుకుంటూ ఉంటుంది. అది వేలి క్లిప్పుకి తెలీదు. పైగా ఇది మొదలయ్యేది రాత్రిపూట. వెల్లకిలా పడుకుంటే పొట్ట బరువు డయాఫ్రమ్‌ని పైకి నెడుతుంది. కలలొచ్చే నిద్రలో మిగతా కండరాలన్నీ వదులైపోయి భారమంతా దానిమీదే పడుతుంది. పగలు పదింటికి చుట్టాలొచ్చి క్లిప్పు పెట్టేసరికి అంతా సర్దుకుని ఉంటుంది.

మా ఇంట్లో నేను గమనించింది చెప్తాను. నాన్న ముందు రెండో దిండు అడిగారు, తర్వాత మూడోది. పొద్దున్న లేవగానే తలనొప్పి. కాఫీ తాగి కాసేపు కూర్చుంటే తగ్గిపోయేది. ఏమైందంటే "ఏటవ్వలేదమ్మా, తల కాస్త పట్టేసింది" అనేవారు. పేపరు చదువుతూ చదువుతూ కునికిపాట్లు పడేవారు. రాత్రి పీడకలలొచ్చి ఉలిక్కిపడి లేచేవారు. అన్నం సయించడం తగ్గింది. మాట సన్నబడి, ఒక వాక్యం మధ్యలో రెండుసార్లు ఊపిరి తీసుకోవాల్సొచ్చేది. విడివిడిగా చూస్తే ఇవన్నీ వయసు మీద పడిన లక్షణాలే అనిపిస్తాయి. న్యూరాలజిస్టు మాత్రం అన్నీ కలిపి విని, వెంటనే ఛాతీ డాక్టరు దగ్గరికి పంపించారు.

విశాఖలో చేసిన ఊదే టెస్టు, అదే స్పైరోమెట్రీ, నాకు కళ్లు తెరిపించింది. గుండెల నిండా గాలి పీల్చి మొత్తం ఊదేయమంటారు. ఆ వయసుకీ ఎత్తుకీ ఎంత రావాలో, అందులో ఎంత శాతం వచ్చిందో చూస్తారు. నాన్నకి కూర్చుని ఊదితే 68 శాతం వచ్చింది. డాక్టరుగారు అక్కడితో ఆపలేదు, బల్లమీద పడుకోబెట్టి మళ్లీ ఊదించారు. 41 వచ్చింది. పడుకుంటే కొద్దిగా తగ్గడం ఎవరికైనా మామూలే. ఇంతలా పడిపోయిందంటే డయాఫ్రమ్ బాగా బలహీనపడినట్టే. కూర్చోబెట్టి చేసిన టెస్టు ఒక్కటే చేతికిచ్చి పంపితే, పడుకోబెట్టి కూడా చేయమని అడగండి. అలా అడగడానికి మొహమాటం వద్దు.

పెదవులు బలహీనపడ్డవాళ్లకి ఊదే గొట్టం చుట్టూ గాలి కారిపోయి, అంకె ఉన్నదానికన్నా తక్కువ వస్తుంది. అలాంటివాళ్లకి ముక్కుతో గట్టిగా ఒక్కసారి పీల్పించి ఆ ఒత్తిడిని కొలిచే టెస్టు ఉంది. దగ్గు బలం కూడా కొలుస్తారు. నిమిషానికి 270 లీటర్ల వేగం లేకపోతే కఫం బయటికి తేవడానికి సాయం కావాలి, లేకపోతే మామూలు జలుబే న్యుమోనియా దాకా పోవచ్చు. మణికట్టు దగ్గర ధమని నుంచి రక్తం తీస్తే కార్బన్ డయాక్సైడ్ తెలుస్తుంది, 45 దాటకూడదు. వేలి క్లిప్పు కూడా ఉపయోగపడుతుంది, కాకపోతే రాత్రంతా ఉంచి రికార్డు చేయాలి.

బ్రిటన్‌లో నైస్ అనే సంస్థ 2016లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఈ పరీక్షలు రెండు మూడు నెలలకోసారి చేయాలి. ఊదే టెస్టు 50 శాతం కంటే తగ్గితే ఎలాగూ, లక్షణాలుంటే 80 శాతం కంటే తగ్గినా ఊపిరికి మిషన్ సాయం గురించి ఆలోచించాలంటారు. ఆయాసం ముదిరాక ఎమర్జెన్సీకి పరిగెత్తే అవసరం రాకూడదనే కదా ఇదంతా.

ఈలోగా మా పెద్దమ్మ కొడుకు కోవిడ్ నాటి ఆక్సిజన్ కాన్సంట్రేటర్ కారులో వేసుకుని తెచ్చేశాడు. డాక్టరుగారు ఫోన్లోనే గట్టిగా వద్దన్నారు. ఊపిరి తీసే కండరాలకి సాయం చేయకుండా ఉత్త ఆక్సిజన్ పెడితే అంకె 99 చూపిస్తుంది, లోపల కార్బన్ డయాక్సైడ్ ఇంకా పెరిగి మనిషి మగతలోకి జారిపోవచ్చు. అన్నయ్యకి అది అర్థమయ్యేలా చెప్పి, నొచ్చుకోకుండా వెనక్కి పంపాం.

నాన్నకి కావాల్సింది బైప్యాప్. మాస్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపి, కండరాలు చేయలేని పనిలో కొంత అది చేస్తుంది. 2006లో బ్రిటన్‌లోని న్యూకాజిల్ డాక్టర్లు ప్రచురించిన పరిశోధనలో గొంతు కండరాలు మరీ దెబ్బతినని రోగులు దీనితో సుమారు ఏడు నెలలు ఎక్కువ బతికారు, బతికిన రోజులు కూడా మెరుగ్గా గడిచాయి. మొదట్లో నాన్న మాస్కు పీకేసేవారు. పగలు టీవీ చూస్తూ కాసేపు పెట్టుకుని అలవాటు చేసుకున్నాకే రాత్రిళ్లు కుదిరింది. పొద్దున తలనొప్పి పోయింది. మిషన్‌లో చిన్న కార్డుంటుంది. ఎన్ని గంటలు వాడారో, మాస్కు పక్కనుంచి ఎంత గాలి పోయిందో అందులో రికార్డవుతుంది. ప్రతిసారీ ఆ కార్డు పట్టుకెళ్తాం, దాన్నిబట్టి డాక్టరుగారు ఒత్తిడి మారుస్తారు. మిషన్ వచ్చిందని పరీక్షలు ఆపకూడదు.

ఆదివారం పొద్దున్న ఇంట్లో మేం చేసుకునేది ఒకటుంది. నాన్న ఒక్క ఊపిరిలో ఎంతవరకు లెక్కపెట్టగలరో చూసి, గోడ క్యాలెండర్‌లో పాల లెక్క పక్కన రాస్తాను. జీవితమంతా బేళ్లు లెక్కపెట్టిన మనిషి కదా, ఆ పని ఆయనకి ఇష్టం. ఇది ఆసుపత్రి టెస్టుకి బదులు కాదు. కానీ అంకె ఒక్కసారిగా పడిపోతే అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా ఫోన్ చేస్తాం.

గొంతుకి రంధ్రం చేసి వెంటిలేటర్ పెట్టే సంగతి కూడా డాక్టరుగారు ముందే ఎత్తారు. మాట స్పష్టంగా ఉన్నప్పుడే నాన్ననే అడిగారు, మమ్మల్ని కాదు. ఆయన ఏం చెప్పారో ఇక్కడ రాయను. తన నోటితో చెప్పారు, మేమంతా విన్నాం. ఆ మాట అడగడానికి భయపడి వాయిదా వేయకండి.

ఇక కరెంటు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి పలాస, ఉద్దానం వైపు రోజుల తరబడి కరెంటు లేదు. మా అత్తవారు అటే కాబట్టి ఆ చీకటి నాకు తెలుసు. అందుకే బైప్యాప్ కొన్నప్పుడే దానికి విడిగా ఇన్వర్టర్ పెట్టించాం. తుఫానుల కాలానికి ముందే ఒక రాత్రి మెయిన్ ఆపేసి, అది తెల్లారేదాకా మిషన్ లాగుతుందో లేదో చూసుకుంటాం.